ఏజెంట్లు వచ్చాక డిజైనర్, డెవలపర్ కలిసి పనిచేసే తీరు ఎలా మారుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు హైదరాబాద్‌లో నాలుగేళ్లుగా ప్రొడక్ట్ డిజైనర్‌గా చేస్తున్నారు. ఈ మధ్య మీ టీంలో డెవలపర్లకు కోడింగ్ ఏజెంట్లు (చెప్పిన పనికి కోడ్ తామే రాసే ఏఐ సాధనాలు) ఇచ్చారు. అప్పటి నుంచి వాళ్లు ఫిగ్మాలో (స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్) మీ ఫైల్ పూర్తయ్యేదాకా ఆగడం లేదు. స్క్రీన్ వాళ్లే తయారు చేయించి, "ఒకసారి చూసి చెప్పండి" అని లింక్ పంపుతున్నారు. గీసిన డిజైన్‌ని డెవలపర్లకు అప్పగించే హ్యాండాఫ్ మీటింగ్ కూడా తీసేశారు. ఇక డిజైనర్‌కి మిగిలే పని ఏమిటి, డెవలపర్లతో ఎలా కలిసి పనిచేయాలి, కోడ్ నేర్చుకోవాలా అని అడిగారు. టెన్షన్‌గా ఉందని కూడా రాశారు.

నేను పదిహేడేళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. మొదట ఫ్రంటెండ్ డెవలపర్‌గా చేశాను, గత ఎనిమిదేళ్లుగా డిజైన్ సిస్టమ్ (టీం అంతా వాడే ఉమ్మడి బటన్లు, రంగులు, నియమాలు) చూసుకుంటున్నాను. రెండు పనులూ చేసినవాణ్ని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మీరు రాసినదంతా చదివాక నాకు గుచ్చుకున్న మాట ఒక్కటే: హ్యాండాఫ్ మీటింగ్ తీసేశారన్నది. స్క్రీన్లు ఏజెంట్ కట్టడం గురించి నాకు పెద్ద బెంగ లేదు. మీటింగ్ గురించి ఎందుకు బెంగపడుతున్నానో చెప్పాలంటే మా దగ్గర జరిగిన ఒక సంగతి చెప్పాలి.

మేం పాడి రైతుల కోసం ఒక యాప్ చేశాం. ఊళ్లో పాల కేంద్రంలో పొద్దున, సాయంత్రం పాలు పోస్తారు. ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) ఎంత అన్నదాన్ని బట్టి ధర కట్టి, ఆ వివరం రైతు ఫోన్‌లో చూపించాలి. మా డిజైనర్ స్క్రీన్ చక్కగా గీసింది. 4.5 లీటర్లు, ఫ్యాట్ 6.8, కింద పెద్ద అక్షరాల్లో మొత్తం రూపాయలు. డెవలపర్ ఆ ఫ్రేమ్‌ని ఏజెంట్‌కి ఇచ్చాడు. గంటలోపే నడిచే స్క్రీన్ వచ్చింది. గీసినదాన్నీ వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి చూసినా తేడా కనిపించలేదు. అందరం సంతోషించాం.

వారం తిరక్కుండానే కేంద్రాల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. కొన్ని చోట్ల పాలు కొలిచిన చాలాసేపటికి గానీ ఫ్యాట్ రీడింగ్ సర్వర్‌కి చేరదు. ఆ మధ్యలో రైతు యాప్ తెరిస్తే "ఫ్యాట్ 0.0, మొత్తం ₹0" అని కనిపిస్తోంది. గేదె పాలు పోసిన మనిషికి వెన్న సున్నా అని చూపిస్తే ఏమనుకుంటాడు? నా పాలల్లో నీళ్లు కలిపానంటున్నారు అనుకుంటాడు. ఒక కేంద్రంలో పాలు కొలిచే కుర్రాడితో పెద్ద గొడవే అయింది. ఆ కుర్రాడి తప్పు ఏమీ లేదు. తప్పు మాది.

విలువ ఇంకా రాకపోతే ఏం చూపించాలో ఫిగ్మాలో ఎవరూ గీయలేదు. ఏజెంట్ ఆ ఖాళీలో సున్నా పెట్టింది. టెస్టులన్నీ పాసయ్యాయి. రెండేళ్ల కిందటైతే మా డెవలపర్ ఆ స్క్రీన్ కడుతూ కడుతూ మధ్యలో ఆగి, "ఫ్యాట్ ఇంకా రాకపోతే ఇక్కడ ఏం వేయమంటారు?" అని అడిగి ఉండేవాడు. కాస్త చిరాగ్గానే అడిగేవాడు. డిజైనర్ ఆలోచించి "ఫ్యాట్ పరీక్ష జరుగుతోంది" అని పెట్టమనేది. చేత్తో కోడ్ రాసేటప్పుడు ఆ చోటికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే ఆగేది, కాబట్టి ప్రశ్న పుట్టేది. మా డిజైన్‌లో ఎంత భాగం ఆ ప్రశ్నల వల్లే బాగుపడుతోందో, అవి ఆగిపోయాక గానీ మాకు తెలిసిరాలేదు.

ఏజెంట్ ప్రశ్నలు అడగదని కాదు. అడగమంటే అడుగుతుంది, పని మొదలుపెట్టే ముందు ప్లాన్ చూపించి సందేహాలు అడిగేవీ ఉన్నాయి. కానీ ఆ సందేహం ఎవరి దగ్గరికి వస్తుందో చూడండి. డెవలపర్ దగ్గరికి. అతను తనకు తోచిన జవాబు చెప్పి ముందుకు పోతాడు. మన వైపూ అంతే. ఫిగ్మా మేక్ లాంటి ఏఐ సాధనంలో ప్రోటోటైప్ (నడిచే నమూనా) చేయించుకుంటూ, డేటా ఎప్పుడు వస్తుంది, ఎవరికి అనుమతి ఉంది లాంటి వాటికి జవాబులు మనమే ఊహించి చెప్పేస్తాం. ఇద్దరూ రోజంతా మాట్లాడుతూనే ఉంటారు, ఎవరి ఏజెంట్‌తో వాళ్లు. ఏజెంట్ల వల్ల మన పనికి రాగల అసలు ప్రమాదం ఇదేనని నా నమ్మకం.

ఇది కొత్తగా వచ్చిన దూరమేమీ కాదు. నేను పనిలో చేరినప్పుడు ఫోటోషాప్ ఫైల్ వచ్చేది. దాన్ని ముక్కలు కోసి, పిక్సెళ్లు కొలిచి హెచ్‌టీఎంఎల్ కట్టేవాళ్లం. తర్వాత స్కెచ్, జెప్లిన్ అనే సాధనాలు వచ్చి కొలతలు తామే చెప్పాయి. 2016లో ఫిగ్మా అందరికీ అందుబాటులోకి వచ్చాక ఇద్దరూ ఒకే ఫైల్ చూడడం మొదలైంది. 2023లో డెవలపర్ల కోసం అందులోనే డెవ్ మోడ్ పెట్టారు. ఒక్కో మెట్టులో కొలతల బాధ తగ్గుతూ వచ్చింది. "ఇది ఎందుకు ఇలా ఉంది" అన్నది మాత్రం ఎప్పుడూ మనుషుల మధ్యే తేలింది.

ఇప్పుడు మారింది ఏమిటంటే, ఏజెంట్ మన ఫైల్‌ని నేరుగా చదవగలుగుతోంది. ఇంతకు ముందు స్క్రీన్‌షాట్ ఇస్తే రంగులు, దూరాలు ఊహించేది. 2024 నవంబరులో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ విడుదల చేసింది. బయటి సాఫ్ట్‌వేర్‌తో ఏజెంట్ మాట్లాడడానికి అదొక ఉమ్మడి పద్ధతి. 2025 జూన్‌లో ఫిగ్మా ఆ పద్ధతికి తన సర్వర్‌ని బీటాగా (ప్రయోగ దశలో) ఇచ్చాక ఆ దారిలోనే ఏజెంట్ ఫైల్‌లోకి వచ్చి ఏది ఏ కాంపొనెంట్ (బటన్ లాంటి, మళ్లీ మళ్లీ వాడే ముక్క), ఏ రంగు ఏ వేరియబుల్ (పేరు పెట్టి దాచిన విలువ) నుంచి వచ్చింది, ఆటో లేఅవుట్ (ముక్కల అమరిక నియమాలు) ఎలా పెట్టారు అన్నది చదువుకుంటోంది. ఫిగ్మాలోని కోడ్ కనెక్ట్ పెట్టుకుంటే అక్కడి బటన్ మీ రిపోలో (టీం కోడ్ అంతా ఉండే చోటు) ఏ బటనో కూడా దానికి తెలుస్తుంది.

దీనివల్ల మీ ఫైల్ చదివే వ్యక్తి మారాడు. లేయర్ పేరు "ఫ్రేమ్ 427" అని ఉన్నా డెవలపర్ చూసి అర్థం చేసుకునేవాడు. ఏజెంట్‌కి ఆ పేరు ఏమీ చెప్పదు. రంగుని పేరున్న వేరియబుల్ నుంచి తీసుకోకుండా అక్కడికక్కడ రంగు కోడ్‌తో పెట్టేస్తే, అది మీ బ్రాండ్ రంగా, హెచ్చరిక రంగా దానికి తెలియదు. అలాంటప్పుడు కొత్త కాంపొనెంట్ పుట్టించేస్తుంది. మా రిపోలో మూడు నెలల్లో ఐదు రకాల బటన్లు తేలాయి, అన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకదానిలో లోడింగ్ ఉంటుంది, ఇంకోదానిలో ఉండదు. ఏరివేయడానికి ఒక స్ప్రింట్ (ఒక విడత పని కాలం) పట్టింది. డిజైన్ టోకెన్లు (రంగులు, దూరాల లాంటి వాటికి పేరు పెట్టి రాసిన విలువలు), లేయర్ల పేర్లు, కాంపొనెంట్ వివరణలు ఇదివరకు తీరిక ఉన్నప్పుడు చేసే పనులు. ఇప్పుడు అవి ముందు చేయాల్సినవి. టోకెన్లు రాసే పద్ధతికి, వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీలోని కమ్యూనిటీ గ్రూప్ 2025 అక్టోబరులో మొదటి స్థిరమైన వెర్షన్ ఇచ్చింది. కొత్తగా మొదలుపెడుతుంటే మీ సొంత పద్ధతి కాకుండా దాన్నే పట్టుకోండి.

ఆ పాల యాప్ గొడవ తర్వాత మేం చేసిన మార్పు చెబుతాను. పాత హ్యాండాఫ్ మీటింగ్‌ని తిరిగి తేలేదు. అది పని చివర్లో, అన్నీ గీసేశాక జరిగేది. దాని బదులు ఏజెంట్ ఒక్క లైన్ కూడా రాయకముందు అరగంట కూర్చుంటాం. డిజైనర్, డెవలపర్, టెస్టర్, వీలైతే ఆ కేంద్రాల సంగతి తెలిసిన ఒక మనిషి. మాలో మేం దాన్ని ఖాళీలు వెతకడం అంటాం. ఫిగ్మాలో ఇంకా ముతక బొమ్మే ఉంటుంది. ముందు ఏజెంట్‌కే ఒక పని చెబుతాం: "ఈ స్క్రీన్‌లో గీయని పరిస్థితులన్నీ రాయి, జవాబులు మాత్రం చెప్పొద్దు."

పాల స్క్రీన్‌కి అది ఇరవైకి పైగా రాసింది. సగం పనికిరానివి. కానీ రెండు చోట్ల మేం ఆగిపోయాం. ఒకటి, కేంద్రంలో తప్పు ఎంట్రీ పడి తర్వాత సరిచేస్తే రైతుకి పాత అంకె కూడా చూపించాలా? రెండోది, ఒకే మనిషి ఆవు పాలు, గేదె పాలు వేర్వేరుగా పోస్తే ఆ పూట రెండు వరుసలు ఎలా చూపించాలి? మొదటిదానికి డెవలపర్ "పాతది తీసేద్దాం, సింపుల్‌గా ఉంటుంది" అన్నాడు. కేంద్రాల సంగతి తెలిసిన ఆయన ఒప్పుకోలేదు. అంకె చెప్పాపెట్టకుండా మారితే రైతు నమ్మడని, పాతది కొట్టేసి పక్కన కొత్తది రాస్తేనే నమ్ముతాడని చెప్పారు. పుస్తకంలో అలాగే రాస్తారట. ఈ మాట ఏ ఏజెంట్ దగ్గరా దొరకదు. ప్రశ్నను బయటికి తీయడంలో మాత్రం అది నిజంగా సాయం చేసింది, ఆ మేలు నేను ఒప్పుకుంటాను.

ఆ అరగంటలో తేలిన నిర్ణయాలు చాట్‌లో వదిలేయం. రిపోలోనే ఒక ఫైల్ ఉంది, ఏజెంట్ ప్రతి పనికీ ముందు దాన్ని చదువుతుంది. అందులోని వాక్యాలు మా డిజైనరే రాస్తుంది. మొదటి వాక్యం ఇది: "విలువ రాకపోవడం వేరు, విలువ సున్నా కావడం వేరు. రైతు డబ్బుకి సంబంధించిన ఏ అంకె అయినా ఇంకా రాకపోతే సున్నా చూపించకూడదు, ఏం జరుగుతోందో మాటల్లో చెప్పాలి." దాని కింద ఎందుకో రెండు లైన్లు. ఆ ఒక్క వాక్యం తర్వాత కట్టిన బిల్లుల స్క్రీన్, బోనస్ స్క్రీన్, దాణా అప్పు స్క్రీన్ అన్నిటిలోనూ పనిచేసింది. ఒక స్క్రీన్ గీస్తే ఆ ఒక్క స్క్రీనే బాగుపడేది. మీ ఆలోచన ఇంత దూరం నేరుగా కోడ్‌లోకి వెళ్లే అవకాశం డిజైనర్లకు ఇంతకు ముందు లేదు. "నాకు మిగిలే పని ఏమిటి" అన్న ప్రశ్నకి నా జవాబులో పెద్ద భాగం ఇదే. ఇలాంటి వాక్యాలు రాయగలగాలంటే వాడేవాళ్ల గురించి డెవలపర్ కంటే, ఏజెంట్ కంటే మీకు ఎక్కువ తెలిసి ఉండాలి. గీయడంలో మిగిలిన టైమ్ అటు పెట్టండి.

తెలుగు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఏజెంట్లు వరసగా ఒకే తప్పులు చేస్తున్నాయి. బటన్ ఎత్తు, లైన్ హైట్ (వరుస ఎత్తు) ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయేలా పెడతాయి. దాంతో కింద ఒత్తులు, పైన గుడులు తెగిపోతాయి. మేం తెలుగు టెక్స్ట్‌కి లైన్ హైట్ 1.6 పెట్టుకుని, బటన్‌కి స్థిరమైన ఎత్తు పెట్టకూడదని ఆ ఫైల్‌లో రాసుకున్నాం. ఫోటో లేని చోట పేరులో మొదటి అక్షరం గుండ్రంలో చూపిస్తాం కదా, శ్రీనివాస్ అని ఉంటే "శ" మాత్రమే వచ్చేది, "శ్రీ" రావాలి. పేరు పొడవైతే మూడు అక్షరాలకి కత్తిరించమంటే లక్ష్మి కాస్తా "లక్" అయ్యింది. "స్త్రీ" అన్నది మనకు ఒకే అక్షరం, జావాస్క్రిప్ట్ లెక్కలో దాని పొడవు 6. ఆపిల్ అంతటి కంపెనీకే 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షర కూర్పు వల్ల ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయి, ఐఓఎస్ 11.2.6తో సరిచేయాల్సి వచ్చింది. కాబట్టి ఫిగ్మాలో నమూనా పేరుగా "రవి" అని పెట్టడం మానేయండి. "క్రాంతిస్వరూప్", "లక్ష్మీప్రసన్న" లాంటివి పెట్టండి. డబ్బు అంకె 1,25,000 అని మన పద్ధతిలో రావాలి, 125,000 అని కాదు. నమూనాలో ఏం ఉంటే ఏజెంట్ దానికే సరిపడేలా కడుతుంది.

రివ్యూ సంగతి. మీ టీం లింక్ పంపి "చూసి చెప్పండి" అంటోందని రాశారు. అది మంచిదే, నడిచే స్క్రీన్ మీద మాట్లాడుకోవడం బొమ్మ మీద మాట్లాడుకోవడం కంటే ఎంతో మేలు. ఇబ్బందల్లా ఎన్ని వస్తున్నాయన్నదే. రోజుకి ఒకటి వచ్చే చోట ఎనిమిది వస్తే, ఐదోదాని నుంచి మీరు కళ్లు ఆనించి చూడలేరు, "బాగుంది" అనేస్తారు. నేనూ అన్నాను, తర్వాత బాధపడ్డాను. యంత్రం చూడగలిగింది యంత్రానికి ఇచ్చేయండి. అక్షరాల రంగుకీ వెనక రంగుకీ మధ్య తేడా మామూలు సైజు అక్షరాలకి 4.5:1 ఉండాలన్నది డబ్ల్యూసీఏజీ (వెబ్ అందరూ వాడగలిగేలా ఉండడానికి రాసిన మార్గదర్శకాలు) నియమం. అది, బటన్ సైజు, స్క్రీన్ రీడర్‌కి (చూపు లేనివారికి స్క్రీన్ చదివి వినిపించేది) పేరు ఉందా లేదా, టోకెన్ కాని రంగు ఎక్కడైనా వాడారా, ఇవన్నీ పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పుని కలపమని పెట్టే విన్నపం) దగ్గరే ఏజెంటూ ఆటోమేటిక్ టెస్టులూ పట్టుకోవాలి. మీ దాకా రాకూడదు.

ఇంకోటి, స్టోరీబుక్ అనే సాధనం వాడండి. ఒక కాంపొనెంట్ ఎన్ని పరిస్థితుల్లో ఎలా కనిపిస్తుందో అన్నీ ఒకే చోట చూడొచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు, నెట్ లేనప్పుడు, పొడవైన తెలుగు పేరు ఉన్నప్పుడు, విలువ ఇంకా రానప్పుడు. ఇదివరకు ఇవన్నీ రాయడానికి డెవలపర్లకు ఓపిక ఉండేది కాదు, స్ప్రింట్ చివర్లో మొదట వదిలేసేది దీన్నే. ఏజెంట్ దీన్ని విసుగు లేకుండా రాస్తుంది. డిజైనర్ చూడాల్సింది ఆ పేజీ. అక్కడ ఒక గంట గడిపితే మీకు దొరికేవి పది ప్రివ్యూ లింకుల్లో దొరకవు.

ఎవరు ఏది ముట్టుకోవచ్చు అన్నది ముందే తేల్చుకోండి, లేకపోతే మనస్పర్థలు వస్తాయి. మా దగ్గర డిజైనర్లు ఏజెంట్‌తో నేరుగా మార్పులు చేసి పుల్ రిక్వెస్ట్ పెడతారు. మాటలు, దూరాలు, టోకెన్లు, కాంపొనెంట్ల పైపై రూపం వరకు. డేటా ఎక్కడి నుంచి వస్తుంది, ఏది సేవ్ అవుతుంది అన్నచోట చెయ్యి పెట్టరు. ప్రతి మార్పునీ డెవలపర్ చూసే మెర్జ్ చేస్తాడు (అసలు కోడ్‌లో కలుపుతాడు). మొదట్లో ఒక సీనియర్ డెవలపర్‌కి ఇది నచ్చలేదు. "రాత్రి ఏదైనా పడిపోతే ఫోన్ నాకే వస్తుంది కదా" అన్నాడు. న్యాయమైన మాట. అందుకే ఆ గీత గీసుకున్నాం. అదే గీత ఇటు వైపు కూడా ఉంది: డెవలపర్ కొత్త స్క్రీన్ చేయించవచ్చు, కానీ రైతు చదివే మాట ఏదీ డిజైనర్ చూడకుండా బయటికి వెళ్లదు. "4 పిక్సెళ్లు తక్కువైంది" అని టికెట్ రాసి వారం ఎదురుచూడడం పోయింది. ఆ టికెట్ల వల్ల మా మధ్య ఎంత విసుగు పేరుకుందో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

సర్వీస్ కంపెనీలో ఉంటే ఇదంతా ఇంత తేలిక కాదు. డిజైన్ టీం ఒక చోట, డెవలప్‌మెంట్ ఇంకో చోట, క్లయింట్ అమెరికాలో, గంటల లెక్కన బిల్లు. అక్కడ హ్యాండాఫ్ డాక్యుమెంట్ అంటే ఒప్పందంలో భాగం, ఎవరి తప్పో తేల్చే కాగితం. అలాంటి చోట అరగంట కూర్చోవడానికి కూడా బిల్లింగ్ కోడ్ అడుగుతారు. మీది ప్రొడక్ట్ టీం అన్నారు కాబట్టి మీకు ఆ అడ్డం లేదు, దాన్ని వాడుకోండి.

ఉద్యోగం గురించి మీకు ధైర్యం చెప్పడానికి అబద్ధం చెప్పను. ఎవరో చెప్పిన స్క్రీన్లని శుభ్రంగా గీసి ఇవ్వడమే మీ పని అయితే, ఆ పనికి గిరాకీ తగ్గుతుంది. ఇప్పటికే తగ్గుతోందని నేను చుట్టూ చూస్తున్నదాన్ని బట్టి అనుకుంటున్నాను. అదే విధంగా బొమ్మ చూసి కోడ్ కట్టడమే పనిగా ఉన్న జూనియర్ ఫ్రంటెండ్ వాళ్లకీ ఇదే కష్టం. నాలుగేళ్ల అనుభవం ఉన్న మీకు వాడేవాళ్లని కలిసే అవకాశం ఉంటే వదులుకోకండి. ఫీల్డ్‌కి వెళ్లే టీంతో నెలకి ఒక్కరోజైనా వెళ్లండి. ఎండలో నిలబడి, తడి చేతులతో ఫోన్ చూసే మనిషిని ఒక్కసారి చూస్తే మీ బటన్ సైజు ఎవరూ చెప్పక్కర్లేకుండా మారుతుంది.

కోడ్ నేర్చుకోవాలా అన్నారు. రాయడం కంటే చదవడం నేర్చుకోండి. బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ తెరిచి ఈ దూరం ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవడం, ఫ్లెక్స్ (పేజీలో ముక్కలు అమర్చే పద్ధతి) ఎలా సాగుతుందో తెలియడం, గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) బ్రాంచ్ అంటే ఏమిటో, పుల్ రిక్వెస్ట్‌లో ఏం మారిందో చూడగలగడం. ఇంకా ముఖ్యంగా, ఒక విలువ లేకపోవడానికీ, ఖాళీగా ఉండడానికీ, సున్నా కావడానికీ కోడ్‌లో తేడా ఏమిటో మీ డెవలపర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పించుకోండి. రెండు మూడు నెలలు రోజూ కాసేపు చేస్తే వచ్చేస్తుంది.

హ్యాండాఫ్ మీటింగ్ తిరిగి పెట్టమని మాత్రం అడగకండి, వెనక్కి లాగుతున్నారనుకుంటారు. వచ్చే ఫీచర్‌కి, ఏజెంట్ మొదలుపెట్టకముందు అరగంట అడగండి. బొమ్మ పూర్తి కాకుండానే వెళ్లండి. ఒక్క స్క్రీన్, అందులో డబ్బో, తేదీనో, ఎవరి పేరో ఉండాలి. ఆ అరగంటలో మీ డెవలపర్ అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో, దానికి మీరిద్దరూ ఏం తేల్చారో నాకు రాయండి.